ఓసీ ఎవరి కులం?

మాయమ్మకు చదువు రాదు. 1994లో ఎం.ఏ. తెలుగులో సీటొచ్చిందని చెప్పడానికి గుంటూరు జిల్లాలోని మా మాలపల్లెకు పోయాను. నేను పోయేసరికి ఆమె నాట్లకు పోయొచ్చి, బురదలో నానీ నానీ పుండ్లుపడ్డ కాలివేళ్ళ సందుల్లో పసుపూ ఆముదమూ రాసుకుంటోంది. "అమా, సీటొచ్చింది. ఓసీలో రావాల్సింది, ఎస్సీలో రాసుకున్నారు" అన్నాను. మాయమ్మ చివ్వున తలెత్తింది. "ఎవుర్నే ఓసీ అంటన్నావు? కన్నతల్లిననుకున్నావా, కూలిమనిషిననుకున్నావా?" అని కళ్ళెర్రజేసింది.

ఆమె తప్పేం లేదు. కామందు గడప ముందు నిలబడ్డ మా ఆడోళ్ళకి పేర్లుండవు. ఆ ఇంట్లో నిన్నగాక మొన్న పలకపట్టిన పిల్లాడు కూడా మాయమ్మను "ఒసే" అనే పిలిచేవాడు. మాయమ్మ వాడిని "అయ్యగారూ" అనేది. మన తెలుగులో ఓసి, ఒసే, ఒసేవ్ అన్నీ తనకంటే తక్కువదనుకున్న ఆడదాన్ని పిలిచే పిలుపులే. మొగుడు పెళ్ళాన్ని పిలుస్తాడు, అత్త కోడల్ని పిలుస్తుంది, కామందు కూలిదాన్ని పిలుస్తాడు. ఇంగ్లీషు నుంచి దిగిన ఓసీ మాత్రం మనకంటే ఎక్కువనుకున్న వాళ్ళ పేరు. పట్నంలో డబ్బులివ్వకుండా తిన్న తిండిని కూడా ఓసీ అంటారు. శబ్దమొకటే, అర్థాలు మూడు. మూడింట్లోనూ ఎవరు కూచుంటారో ఎవరు నిలబడతారో మాయమ్మకు బాగా తెలుసు.

ఆ రోజు తల్లీబిడ్డలం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నన్ను ముప్ఫై ఏళ్ళుగా వదల్లేదు. దాని వెనకాల ఒక సీటుంది, ఒక మనిషి బతుకుంది, నా సంతకముంది. అందుకే ఇది రాస్తున్నాను.

జరిగింది చెప్తాను. మొత్తం 40 సీట్లు. ఎస్సీలకు ఆరు, ఎస్టీలకు రెండు, బీసీలకు పది పోగా మిగిలిన 22 ఓపెన్ కాంపిటీషన్. ఎంట్రెన్సులో నా ర్యాంకు పదకొండు. పదకొండనేది ఇరవైరెండు లోపలే ఉంటుందని వేలిముద్ర వేసేవాళ్ళకి కూడా తెలుసు. నోటీసు బోర్డు మీద మాత్రం నా పేరు ఎస్సీల జాబితాలో మొదట ఉంది. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ అక్కర్లేదు. సెక్షన్లో కూచున్న గుమాస్తాని అడిగాను.

"సార్, నా ర్యాంకు పదకొండు. ఓసీలో రావాలి గదండీ?"

"నువ్వు ఎస్సీవి గదమ్మా, ఓసీలో ఎట్టా వస్తావు?"

"మార్కులు వచ్చినాయి గదండీ."

"మార్కులెన్నొస్తే మాత్రం కులం మారుద్దా? ఓసీలో కావాలంటే అట్టాగే రాసియ్యి. స్కాలర్‌షిప్పు రాదు, హాస్టలు రాదు. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవొద్దు."

అది అబద్ధమని నాకప్పుడు తెలీదు. స్కాలర్‌షిప్పు మనిషి కులాన్నీ ఇంటి ఆదాయాన్నీ బట్టి వచ్చేది. సీటు ఏ లెక్కలో దొరికిందనేదానికీ దానికీ సంబంధం లేదు. చెప్పేవాళ్ళు లేరు. స్కాలర్‌షిప్పు లేకపోతే నాకు చదువు లేదు. సంతకం పెట్టాను.

నన్ను ఆ జాబితాలోకి దించడంతో అక్కడ ఆరో పేరు ఏడోదైపోయింది. ఉన్నవి ఆరే సీట్లు. ఆ పేరు ఒక మాదిగపిల్లది. డిగ్రీలో ఇద్దరం ఒకే హాస్టలు గదిలో ఉన్నాం. నన్ను అక్కా అని పిలిచేది. తెచ్చుకున్న ట్రంకుపెట్టె మళ్ళీ నెత్తికెత్తుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. నేను ఖాళీ చేసిన ఓపెన్ సీట్లో ఇంకొకరు కూచున్నారు. వాళ్ళు తమకు సీటెట్టా వచ్చిందని ఎప్పుడన్నా అనుకుని ఉంటారా? మెరిట్‌లో వచ్చిందనే అనుకుని ఉంటారు.

ఆ 22 సీట్లకీ కులం లేదని కాగితం మీద రాశారు. వాటికీ కులముందని గుమాస్తా నోటితోనే నాకు తెలిసింది.

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. కొత్త క్లాసు రాగానే పిల్లల్ని అడుగుతాను, ఓసీ అంటే ఏంట్రా అని. కొందరు ఓపెన్ కాంపిటీషన్ అంటారు. కొందరు ఓపెన్ కేటగిరీ అంటారు. ఎక్కువమంది మాత్రం "అదర్ కాస్ట్స్ అండీ" అంటారు. తప్పు జవాబే, కానీ ఊరికే పుట్టిన తప్పు కాదు. ఓపెన్ కాంపిటీషన్ అనేది ఒక పోటీ పేరు. పోటీకి కులముండదు. పరుగుపందెంలో పరిగెత్తేవాళ్ళు ఉంటారు గానీ 'పరుగుపందెం కులస్థులు' ఉండరు. మనం మాత్రం "మాది ఓసీ", "వాళ్ళు ఓసీలు", "ఓసీ పిల్లకి ఎస్సీ పిల్లాడికి పెళ్ళయింది" అని ధారాళంగా అంటాం. పోటీ పేరు పోయి మనుషుల పేరైంది. ఆ తర్వాత ఆ మనుషులే పోటీకి సొంతదార్లయ్యారు.

ఈ మార్పు ఎక్కడ జరిగిందో చూడాలంటే ఏ దరఖాస్తు ఫారమన్నా తీసి చూడండి. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అని నాలుగు గళ్ళుంటాయి. ఒక్కదానికే టిక్కు పెట్టమంటారు. బీసీ, ఎస్సీ, ఎస్టీ మూడూ మనుషుల వర్గాలు. నాలుగోది సీట్ల రకం. బియ్యం, పప్పు, బెల్లం, తూకం అని నాలుగు సరుకులు రాసినట్టుంటుంది ఈ పట్టీ. ఎస్సీ గడిలో టిక్కు పెట్టిన మరుక్షణం నేను ఓసీ గడి వదులుకున్నట్టు లెక్క. ఓపెన్ అనే గది తలుపు నా చేతనే మూయిస్తుంది ఆ ఫారం.

చట్టం అట్టా చెప్పలేదు. మండల్ కేసుగా అందరికీ తెలిసిన ఇంద్రా సహానీ కేసులో 1992 నవంబరు 16న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వెనకబడిన వర్గాల వాళ్ళు సొంత మార్కులతో ఓపెన్ పోటీలో నెగ్గితే వాళ్ళను రిజర్వేషన్ కోటాలో లెక్కపెట్టకూడదని అందులోనే చెప్పింది. 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసులో ఉద్యోగాల రోస్టర్ గురించి ఇదే సంగతి మళ్ళీ చెప్పింది. అంటే నేను గుమాస్తా బల్ల ముందు నిలబడ్డనాటికి మండల్ తీర్పు వచ్చి ఏడాదిన్నర దాటింది. తీర్పు ఢిల్లీలో ఉంది. బల్ల మీద పెన్ను గుమాస్తా చేతిలో ఉంది.

పోనీ అదంతా పాతకాలం కదా అంటారేమో. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ ఇదే పాఠం చెప్పాల్సి వచ్చింది. అది ఉత్తరప్రదేశ్ పోలీసు కానిస్టేబుళ్ళ నియామకాల కేసు. మహిళలకు ఉంచిన జనరల్ పోస్టుల్లో, ఎక్కువ మార్కులొచ్చిన ఓబీసీ ఆడపిల్లలను పక్కనబెట్టి, వాళ్ళకంటే తక్కువ మార్కులొచ్చిన జనరల్ వాళ్ళకు ఉద్యోగాలిచ్చారు. ఓపెన్ అనేది ఎవరి కోటా కాదు, అందరికీ తెరిచి ఉన్నదని కోర్టు తేల్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఒక మాటకు అర్థం చెప్పడానికి దేశంలో పెద్ద కోర్టు కూర్చోవలసి వచ్చిందంటే, ఆ మాట అర్థం తెలియకపోవడం వల్ల ఎవరికో లాభముంది.

ఇంగ్లీషును మాత్రం తిట్టి ఊరుకోలేను. ఓసీ అనే మాట రాకముందే తెలుగులో ఓసీ ఉంది. దాని పేరు 'ఊరు'.

మా పల్లెకూ ఊరికీ మధ్య ఒక పంటకాలవ, దాని మీద ఒక తాటిబొండు. అంతే దూరం. అయినా మాయమ్మ చక్కెర కోసం బయల్దేరితే "ఊళ్ళోకి పోయొస్తా" అనేది. మేమున్నది ఊరు కాదన్నమాట. మా ఓట్లు ఊరి లెక్కలో, మా శిస్తులు ఊరి లెక్కలో, మేం మాత్రం వాడ. ఊరబావి అంటే ఊరందరి బావి. అందులో చేద వెయ్యడానికి మాకు హక్కు లేదు. ఊరి గుడి, ఊరి చెరువు, ఊరి పెద్దలు, ఊరుమ్మడి... ఈ మాటలన్నీ విప్పి చూడండి. పైకి అందరివీ, లోపల కొందరివి. ఇదే ఓపెన్. ఎవరి పేరూ రాయని తలుపు, తెలిసినవాళ్ళకే తెరుచుకునే తలుపు.

చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోశారు. అంతకుముందు వాళ్ళను సాంఘికంగా వెలేశారు. "ఊరు వెలేసింది" అని మనమే అంటాం, రాస్తాం. వెలేసినవాళ్ళు ఊరైతే వెలికి గురైనవాళ్ళు ఏ ఊరివాళ్ళు? ఆ వాక్యంలో చేసినవాళ్ళ కులం ఎక్కడుంది? "మాలలను వెలేశారు" అన్నప్పుడు మాల అనే మాట బోరవిడుచుకుని నిలబడుతుంది. వెలేసిన వాళ్ళ కులం 'ఊరు' అనే మాట కింద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఇరవై మూడేళ్ళ తర్వాత, 2014లో, హైకోర్టు ఆ కేసులో నిందితులను విడుదల చేసింది. కోర్టులో సాక్ష్యం తేలకపోవడం ఒక సంగతి. మన భాషలోనే కర్త తేలకపోవడం ఇంకో సంగతి. రెండో దానికి వకీళ్ళు అక్కర్లేదు, మనం చాలు.

పెద్ద కులాలకు ఎప్పుడూ ఇట్టా పేరు లేకుండా పోలేదు. ఒకప్పుడు ప్రభుత్వమే వాళ్ళ పేరు రాసి, వాటా రాసింది. కోస్తా, రాయలసీమలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో కమ్యూనల్ జీ.వో. తెచ్చింది. తర్వాత కుదిరిన లెక్క ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు ఐదు, బ్రాహ్మణులకు రెండు, ముస్లింలకు రెండు, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి రెండు, డిప్రెస్డ్ క్లాసులకు ఒకటి. మా వాటా పన్నెండింట ఒకటే. తక్కువే. అయినా ఆ పట్టీలో ఒక న్యాయముంది. అందరి పేరూ ఉంది. బ్రాహ్మణుడు కూడా బ్రాహ్మణుడిగానే నిలబడ్డాడు. 1947లో ఆ లెక్కను 14కు మార్చారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆమె మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదని ఆ తీర్పులోనే ఉంది. అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి వెనకబడిన వర్గాలకు, ఎస్సీ ఎస్టీలకు దారి చేశారు. కానీ పట్టీ మారిపోయింది. అడుగువాళ్ళ పేర్లు మిగిలాయి, పైవాళ్ళ పేర్లు చెరిగాయి. వాళ్ళ వాటా ఉన్న చోట 'ఓపెన్' అని రాసుకున్నారు. అప్పట్నుంచి రిజర్వేషనంటే మాది, మెరిటంటే వాళ్ళది.

మా పేర్ల సంగతి చూడండి. పంచములన్నారు. 1917లో బెజవాడ మహాసభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మావాళ్ళు ఆ పేరు కాదని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. తర్వాత గాంధీ హరిజనులన్నాడు. ఇంగ్లీషోడు డిప్రెస్డ్ క్లాసులన్నాడు, 1935 చట్టంతో షెడ్యూల్డ్ కులాలన్నాడు. మేం దళితులమన్నాం. నూరేళ్ళలో ఇన్ని పేర్లు మోశాం. ఒక్కొక్క పేరు మీద కొట్లాడాం, చర్చించాం, చీలాం. అవతలి వాళ్ళు ఒక్క పేరు మీద కూడా కొట్లాడాల్సిన పని పడలేదు. అంబేడ్కర్‌కు ఈ కిటుకు తెలుసు. ఆయన తన రాతల్లో వాళ్ళను 'టచబుల్స్' అన్నాడు, 'కాస్ట్ హిందూస్' అన్నాడు. అంటరానివాళ్ళుంటే అంటదగిన వాళ్ళూ ఉండాలి గదా, వాళ్ళకీ ఒక పేరు పెట్టాల్సిందే గదా అని. 1932 పూనా ఒప్పందం కూడా డిప్రెస్డ్ క్లాసులకూ కాస్ట్ హిందువులకూ మధ్య కుదిరిందే. మనమే ఆ రెండో పేరు జారవిడిచి, 'అగ్రవర్ణాలు' అన్నాం. తిట్టేటప్పుడు కూడా 'అగ్ర' అని పైమెట్టు వేశాం. 'ఫార్వర్డ్' అన్నాం. ఫార్వర్డ్ అంటే ముందు నడిచినవాళ్ళు. మా నాయన కామందు సద్ది మోసుకుంటూ ఎప్పుడూ వెనకే నడిచాడు. ముందు నడిచినాయన చేతులు ఖాళీగా ఉండేవి.

సాహిత్యంలో కూడా ఒక ఓపెన్ కేటగిరీ ఉంది. తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని, ఇది చెప్పకపోతే నా చదువు దండగ. జాషువా 1941లో గబ్బిలం రాశాడు, ఆయన దళిత కవి. 1995లో చిక్కనవుతున్న పాట వచ్చింది, అది దళిత కవిత్వం. ఆ పేర్లు మనం పెట్టుకున్నవే, గర్వంగానే పెట్టుకున్నాం. నా పేచీ అది కాదు. కన్యాశుల్కం అగ్రహారాల బతుకు మీద నడిచే నాటకం. దాన్ని బ్రాహ్మణ నాటకమని ఎవరూ అనరు, తెలుగు నాటకమంటారు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో మాలపల్లి రాశాడు. మా పల్లె పేరు అట్ట మీద ఉంది, రాసినాయన కులం మాత్రం ఏ పాఠంలోనూ ప్రశ్న కాలేదు. ఆయన జైలుకు పోయి రాశాడు, గొప్ప పనే చేశాడు, కాదనను. కానీ మాలపల్లె గురించి మాల రాస్తే దళిత సాహిత్యం, ఇంకొకరు రాస్తే సాహిత్యం. ఆధునిక సాహిత్యమని ఒక పేపరు, దళిత, స్త్రీ, మైనారిటీ సాహిత్యాలని చివర్లో ఒక యూనిట్ పెట్టి చదివించడం చూశాను. మొదటి పేపరు ఓసీ, చివరి యూనిట్ కోటా. సెమినార్లలో కూడా అంతే. దళిత సాహిత్యం మీద మాట్లాడ్డానికి నన్ను పిలుస్తారు. ఛందస్సు మీద మాట్లాడ్డానికి నన్నెవరూ పిలవలేదు. వృత్తాలు నాకూ వచ్చు.

2019 జనవరిలో ఇంకో వింత జరిగింది. 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీనవర్గాలకు పది శాతం రిజర్వేషన్ వచ్చింది. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి ఎనిమిది లక్షలన్నారు. ఎవరికిది? ఇప్పటికే రిజర్వేషన్లున్న వర్గాలు కాక మిగతావాళ్ళకి. అంటే మాయమ్మలాంటి కూలిమనిషి ఎంత పేదదైనా ఆర్థికంగా బలహీనురాలు కాదు. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపుగా దాన్ని నిలబెట్టింది. పేదల్లో ఎక్కువమంది ఉన్న వర్గాలనే బయట పెట్టడం చెల్లదని ఆ ఇద్దరూ రాశారు. అప్పటిదాకా కులంతో సంబంధం లేదన్న వాటా నుంచి పది శాతం కోసి కొన్ని కులాలకే రాసిచ్చారు. అయినా ఆ కులాల పేరు చెప్పలేదు. 'వీళ్ళు కాని వాళ్ళు' అన్నారు. మా క్లాసులో పిల్లలు చెప్పే తప్పు జవాబు, అదర్ కాస్ట్స్, ఇప్పుడు రాజ్యాంగమంత నిజమైంది.

అవతల తెలంగాణలో 2024లో కులసర్వే చేసి 2025 ఫిబ్రవరిలో లెక్కలు చెప్పారు. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ఓసీలు 15.79 శాతం. ఆ 15.79లో ముస్లింలు 2.48. సర్వే చెయ్యడం మంచిదే, మనం అడిగిందే. కానీ ఓసీ జనాభా అనే మాట చూడండి. పోటీకి జనాభా ఎట్టా ఉంటుంది? ప్రభుత్వమే లెక్కపెట్టి చూపించాక ఇంకా అది పోటీ పేరని ఎవరు నమ్ముతారు? ఆ ఒక్క మూటలోనే వందలెకరాల ఆసామి ఉన్నాడు, పాతబస్తీలో రిక్షా తొక్కిన ముస్లిం ఉన్నాడు, దీపానికి నూనె లేని గుడి పూజారి ఉన్నాడు. పెద్ద కులాల్లో పేదలు లేరా అని నన్ను అడుగుతారు. ఉన్నారు. వాళ్ళ పేదరికం గురించి మాట్లాడాలన్నా ఓసీ అనే మూట విప్పాల్సిందే. అది విప్పితే పేదవాడి బాధ ఒకవైపు, ఆ కులం భూమీ కాంట్రాక్టులూ సినిమాహాళ్ళూ ఇంకోవైపు బయటపడతాయి. విప్పకుండా ఉంచితే పేదవాడిని ముందు నిలబెట్టి ఆసామి వెనకనుంచి అందుకుంటాడు.

ఇంతవరకూ వాళ్ళ మీద రాశాను. ఇక మా మీద రాయాలి. ఇది రాయకపోతే పైన రాసిందంతా దొంగరాత.

నాకు సీటొచ్చిన ఆ 1994లోనే మాదిగ దండోరా మొదలైంది. ఎస్సీ కోటాలో మాలలే ఎక్కువ అందుకుంటున్నారు, ఎ బి సి డి గా వర్గీకరించమని మాదిగలు అడిగారు. మా మాలల్లో చాలామంది వద్దన్నారు. అందరం ఎస్సీలమే గదా, అందరికీ తెరిచే ఉంది గదా, చదువుకుని రండి అన్నారు. మొదట్లో నేనూ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. గుమాస్తా బల్ల దగ్గర విన్నదే అది. ఎస్సీ అనే ఉమ్మడి పేరు కింద మేం కూడా ఒక చిన్న ఓసీని నడిపాం. ఊరికి మేం వాడైతే, మా వాడకు మాదిగపల్లె వాడ. రెల్లి వాళ్ళు ఇంకా అవతల. 1997లో వర్గీకరణ వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని ట్రంకుపెట్టెలు తిరుగు బస్సెక్కాయో లెక్కపెట్టినవాళ్ళు లేరు.

ఆ పిల్ల, ఇప్పుడు పిల్లేం కాదు, 2021లో తెనాలి బస్టాండులో కనబడింది. ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్తోంది. కరోనాకు బడి మూతబడితే నెలల తరబడి జీతం లేదంది. టీ తాగుతూ నేను జరిగిందంతా చెప్పాను. నా ర్యాంకు పదకొండని, నీ సీట్లో నేను కూచున్నానని, ఓసీలో నాకు రావాల్సిన సీటు ఇంకొకరు తిన్నారని. చట్టం కూడా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను ఏడుస్తుందేమో, లేకపోతే పోనీలే అక్కా అంటుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"సంతకం పెట్టించినోణ్ణి అడగాల. వాడు దొరకడు" అంది. కాసేపాగి, "నిన్ను కూడా అడగాల అక్కా. నువ్వు దొరికావు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె బస్సొచ్చింది, వెళ్ళిపోయింది. ఈ వ్యాసం జవాబు కాదు, దొరికినదాని వాంగ్మూలం.

కార్యకర్తలకూ విద్యార్థులకూ రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఓపెన్ సీట్లో మీ ర్యాంకు ఉంటే ఆ సీటు మీది. ఎస్సీ గడిలో మీరు పెట్టిన టిక్కు దాన్ని తీసెయ్యదు. స్కాలర్‌షిప్పు పోతుందని ఎవడన్నా బెదిరిస్తే ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడగండి. మీరు వదిలిన ఓపెన్ సీటు ఊళ్ళోకి పోతుంది, మీరెక్కిన కోటా సీటు మీకంటే వెనకున్న మనిషి నోటికాడిది.

రెండోది, మన కరపత్రాల్లో, కథల్లో, మాటల్లో 'ఓసీలు' అనే మాట మానేద్దాం. పోటీ గురించి చెప్పేటప్పుడు పోటీ అందాం. మనుషుల గురించి చెప్పేటప్పుడు కమ్మ, రెడ్డి, వెలమ, బ్రాహ్మణ, వైశ్య, రాజు అని పేరు పెట్టి అందాం. మనల్ని మాల, మాదిగ, రెల్లి అని పేరు పెట్టి పిలిచినప్పుడు లేని తిట్టు, వాళ్ళను పేరు పెట్టి పిలిస్తే ఎందుకుంటుంది? ఇక ఎవరన్నా మీ ముందు ఆ రెండక్షరాలు వాడితే, ఆ నాట్ల రోజు సాయంత్రం మాయమ్మ నన్నడిగిందే మీరూ అడగండి.

"ఎవుర్నే ఓసీ అంటన్నావు?"